బెత్తమును నల్లపుస్తకమును: చెన్నపురి బడులలో దండన కథ

త్యాగరాయనగరమున నివసించు మన తెలుగువారిని ఈ పేటకు ఆ పేరెట్లు వచ్చినదని అడిగినచో, నాదబ్రహ్మయగు త్యాగరాజస్వామి పేర వెలసినదని చెప్పువారిని మేమెందరినో చూచితిమి. వినుటకు ఇంపుగనే యుండును గాని అది నిజము కాదు. ఇది పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరు. తెలుగు మాతృభాషగా గల దేవాంగుల యింట, నేత వ్యాపారము చేయు కుటుంబమున 1852లో జన్మించి, చెన్నపురి కార్పొరేషనుకు అధ్యక్షులై, 1916లో వెలసిన జస్టిస్ పార్టీకి మూలస్తంభములలో నొకరై, 1925లో కీర్తిశేషులైన పెద్దలు వారు. మాంబళమున నుండిన పెద్ద చెరువు ఇంకిన నేలపై ఈ పేటను నిర్మించినపుడు వారి పేరు దీనికి నిలిచినది. నడుమ నున్న పార్కునకు పానగల్లు రాజాగారైన పానుగంటి రామరాయణింగారి పేరు నిలిచినది. ఆయనయు తెలుగువారే. పార్కు చుట్టును సాయంకాలము నడచువారిలో ఎందరికి ఈ సంగతి తెలియునో మేము చెప్పజాలము.

సంచికా సంపాదకులు చెన్నపురి తెలుగువారి చరిత్రను గూర్చి ఏదైన వ్రాయుమని మమ్ము కోరిరి. సాహిత్యమును గూర్చియు, సంగీతమును గూర్చియు, నాటకములను గూర్చియు మాకంటె బాగుగ తెలిసినవారు వ్రాయుదురు. మేము బడిపిల్లవాని వీపును గూర్చి వ్రాయదలచితిమి.

బడిలో తప్పు చేసిన పిల్లవానిని ఏమి చేయవలెను? దీనికి రెండు తెఱగుల జవాబులు లోకములో వినబడుచున్నవి. కొట్టవలెను, నిలుచుండబెట్టవలెను, వెలివేయవలెను అనునది మొదటిది. వానిని, వాని వలన నష్టపడినవారిని, చూచినవారిని ఒక్కచోట కూర్చుండబెట్టి, ఏమి జరిగినదో చెప్పించి, చెడినదానిని వానిచేతనే బాగుచేయించి, మరల వానిని తరగతిలో కలుపుకొనవలెను అనునది రెండవది. ఈ రెండవదానిని సంధాన పద్ధతి యని పిలుచుకొందము. ఇది పడమటి దేశముల క్రొత్త సరకని కొందరును, మన రచ్చబండయే యని మఱికొందరును అందురు. చెన్నపురి చరిత్రను చూచినవారికి ఈ రెండు మాటలును పూర్తిగ నిజము కావని తోచును.

మొదట మన వీధిబడి సంగతి. అరుగుమీద బడి, అయ్యవారు, ఇసుకలో దిద్దుడు, దసరా పండుగకు విల్లంబులు పట్టుకొని పిల్లలు ఇంటింటికి తిరుగుట, ఇవన్నియు తలచుకొన్నచో మన పెద్దలకు కన్నులు చెమర్చును. ఆ బడియందే కోదండము, గోడకుర్చీ, గుంజిళ్ళు, తొడపాశము, బొండకొయ్య అను మాటలు కూడ పుట్టినవి. తెలుగు నిఘంటువునకు వీధిబడి చేసిన ఈ సేవను ఎవరును పొగడరు. కోదండ మనగా పిల్లవానిని చేతులు కట్టి, దూలమునకు త్రాడు వేసి వ్రేలాడదీయుట. శ్రీరాముని ధనుస్సు పేరు దీనికెట్లు వచ్చెనో గాని, పెట్టినవాడు హాస్యరసము తెలిసినవాడే.

ఇవి కట్టుకథలు కావనుటకు సాక్ష్యము కలదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో రాజధానియందలి దేశీయ విద్యాలయములను లెక్కింపుమని కలెక్టరులకు ఉత్తరువు చేసెను. ఆ లెక్కలన్నియు చేరిన పిమ్మట 1826లో ఆయన తేల్చిన మొత్తము 12,498 విద్యాలయములు, 1,88,650 మంది విద్యార్థులు. వచ్చిన జవాబులలో మిక్కిలి విలువైనది బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ దొర 1823 ఆగస్టులో పంపినది. ఈయనను మనము మఱువరాదు. 1816లో మద్రాసునందు అచ్చయిన తెలుగు వ్యాకరణము ఈయనదే. బళ్ళారి జిల్లాలో 533 బడులుండగా అందు 226 తెలుగు బడులని ఆయన వ్రాసెను. కావున ఆయన చూచినది మన బడియే.

ఆయన వర్ణించిన ఒక యాచారము మా మనస్సున నాటుకొన్నది. తెల్లవారగనే బడికి మొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. అది గౌరవము. రెండవవాని చేతిలో సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి మెల్లగ ఒక దెబ్బ. నాలుగవవానికి రెండు. అటుపిమ్మట వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్కటి హెచ్చు. ఈ లెక్క చొప్పున ముప్పదవవానికి ఇరువదియెనిమిది దెబ్బలు పడవలెను. అయ్యవారి చేయి అంతవఱకు ఓర్చెడిదో లేదో! సోమరులను కొట్టుటయు, చేతులు కట్టి పైకప్పునకు కప్పీతో వ్రేలాడదీయుటయు, ఆపకుండ గుంజిళ్ళు తీయించుటయు కలదని దొర వ్రాసి, కడపటిది బాధాకరమైనను ఆరోగ్యమునకు మంచిదేమో యని చమత్కరించెను. గుంజిళ్ళు తీసినవాడైనచో ఆ మాట వ్రాసియుండడు.

ఈ యాచారమున మనము గమనింపవలసినది దెబ్బల సంఖ్య కాదు. ఆలస్యముగ వచ్చినవానిని ఎందుకు ఆలస్యమైనదని అడుగుట ఆ పద్ధతిలో లేదు. వాడు గేదెలను తోలి వచ్చెనా, తమ్ముని ఎత్తుకొని వచ్చెనా, ఏమియు తినక వచ్చెనా? వాడెన్నవవాడో చాలును. అరచేతిలోని సరస్వతి యైనను అట్టిదే. 1939లో అడయారునకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిన మరియా మాంటిస్సోరి, శిక్షయు బహుమానమును రెండును పిల్లవాని స్వబుద్ధిని చంపునని బోధించినది. బళ్ళారి బడియందు ఆ రెండును ఒకే వరుసలో నిలిచియుండుట చూడుడు.

అదే నివేదికలో క్యాంబెల్ మెచ్చుకొన్నదియు కలదు. ఇసుకలో వ్రాయుటవలన బడికి ఖర్చు తక్కువ. ముందు చదివినవాడు వెనుకవానికి చెప్పును, చెప్పుటచే తన చదువును గట్టిపఱచుకొనును. ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించుట న్యాయమే యని ఆయన అనెను. ఇంగ్లండు ఎట్లు అనుకరించెను? ఆ కథ మన త్యాగరాయనగరమునకు కూతవేటు దూరమున, ఎగ్మూరులో జరిగినది.

1789లో ఎగ్మూరున సైనికుల అనాథ బాలురకొక శరణాలయము వెలసినది. తెల్లసిపాయిలకు ఈ దేశమున పుట్టి దిక్కులేనివారైన పిల్లలు అందుండిరి. ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు మతాచార్యుడు జీతము పుచ్చుకొనక దానిని నడపెను. ఆయనకు ఉపాధ్యాయులతో పడలేదు. వారు తమ పద్ధతిని మార్చుకొనుటకు ఒప్పుకొనలేదు. ఒకనాటి ఉదయమున గుఱ్ఱముపై పోవుచు ఆయన ఒక వీధిబడిని చూచెను. పిల్లలు నేలపై కూర్చుండి వ్రేలితో ఇసుకలో అక్షరములు దిద్దుచుండిరి. ఆయన మరలివచ్చి, జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల సిపాయి కొడుకును పిలిచి, చిన్నపిల్లలకు ఇసుకలో అక్షరములు నేర్పుమనెను. పెద్దవారు చేయమన్న పనిని ఆ చిన్నవాడు చేసిచూపెను. ఇట్లు పుట్టినదే లోకమున మద్రాసు పద్ధతి యని ప్రసిద్ధికెక్కినది. 1796లో బెల్ స్వదేశమునకు పోయి మఱుసటి యేడు దీనిని గూర్చి పుస్తకము ప్రకటించెను. ఇంగ్లండులో వేలకొలది బడులలో ఈ పద్ధతి నడచెను. ఆయన ధనముతో ఆయన పుట్టిన సెయింట్ ఆండ్రూస్ పట్టణమున 1833లో తెఱచిన బడికి నేటికిని మద్రాసు కాలేజి యనియే పేరు.

ఇంతవఱకు చరిత్ర పుస్తకములలో కలదు. తెలుగువారు సగర్వముగ చెప్పుకొనుటయు కలదు. చెప్పుకొననిది మఱియొకటి కలదు. బెల్ మన వీధిబడినుండి ఇసుకను తీసికొనెను, పిల్లవానికి పిల్లవాడు చెప్పుటను తీసికొనెను. దెబ్బల వరుసను మాత్రము తీసికొనలేదు. దానికి బదులు ఆయన ఉంచినది నల్లపుస్తకము. బడిలో జరిగిన తప్పులన్నియు ఏనాటికానాడు అందు వ్రాసెడివారు. వారమునకొకసారి బాలురందఱిని సమావేశపఱచి ఆ పుస్తకమును విప్పెడివారు. నేరము మోపబడిన బాలుని విచారించుటకు ఆ బాలురనుండియే కొందఱిని జ్యూరీగా ఏర్పఱచెడివారు. వారు విని, తీర్పు చెప్పెడివారు. ఆ తీర్పును అమలుజరుపుటయో, తగ్గించుటయో, మాన్పుటయో పెద్దల యిష్టము. బాలుర తీర్పులు పక్షపాతముగ నుండుట తానెఱుగనని బెల్ చెప్పుకొనెను.

దీనిని సంధాన పద్ధతి యని మేము అనజాలము. అందులో సగమందుము. తప్పును పదిమందిలో వినుట కలదు, వినువారు తోడివారగుట కలదు, కోపము చల్లారుటకు వారము గడువు కలదు. నష్టపడినవాడేమి కోరునని అడుగుట ముఖ్యముగ కానరాదు. అయినను బళ్ళారి అయ్యవారు ఒక్క క్షణములో ముగించిన పనికి ఎగ్మూరులో వారము పట్టెను. పాతికేండ్ల యెడములో, ఒకే రాజధానిలో, ఈ రెండును నడచినవి.

ఇంగ్లండులో బెల్‌కు పోటీగా నిలిచిన జోసెఫ్ లాంకాస్టరు కథ ఇంకను విచిత్రము. ఆయన క్వేకరు మతస్థుడు. పిల్లలను కొట్టుట ఆయనకు గిట్టదు. కాబట్టి కొట్టక, తప్పు చేసినవాని మెడకు కొయ్యదుంగ తగిలించెను, కొందఱిని బుట్టలో పెట్టి పైకప్పునుండి వ్రేలాడదీసెను. తక్కినవారు క్రిందనుండి చూచి నవ్వవలెను. మన బొండకొయ్యయు కోదండమును సముద్రము దాటి ఇంగ్లీషు దుస్తులు తొడుగుకొన్నట్లే యున్నది. వీపుమీది దెబ్బ మానును గాని నవ్వులపాలైన సిగ్గు మానదు. బెత్తమును తీసివేయుటయు, దండనను తీసివేయుటయు ఒకటి కాదని లాంకాస్టరు బుట్ట నేర్పుచున్నది. ఈ మాట ముందు మఱల అవసరమగును.

మఱి మద్రాసు పద్ధతి మద్రాసునందే ఏమయ్యెను? 19వ శతాబ్ది ఉత్తరార్ధమున ప్రభుత్వము బడులకు సహాయద్రవ్యము ఇచ్చుట మొదలిడెను. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్షించును. ఎందరు పిల్లలు కృతార్థులైరో దానిని బట్టి గ్రాంటు. అయ్యవారి సంసారము పిల్లవాని ఎక్కములమీద ఆధారపడెను. పదమూడవ ఎక్కము రానివాడు పంతులుగారి బియ్యమును తగ్గించినవాడే. అట్టి చోట నల్లపుస్తకము విప్పి వారము దినములు విచారించు తీరిక ఎవరికుండును? బెత్తము కేవలము క్రూరత్వమువలన బ్రతుకలేదనియు, తొందరవలన బ్రతికినదనియు మా యూహ. మేమెఱిగిన ఉపాధ్యాయులలో కొట్టినవారు పెక్కురు దయ గలవారే. వారికి ఏబది యఱువదిమంది పిల్లలు, ఒక్క గంట.

ఇప్పుడు త్యాగరాయ శెట్టిగారికి వత్తము. వారు అధ్యక్షులుగ నున్న కాలముననే, 1920లో, చెన్నపురి కార్పొరేషను థౌజండ్ లైట్స్ ప్రాంతమందలి తన బడిలో పేదపిల్లలకు మధ్యాహ్న ఫలాహారము పెట్టుటకు తీర్మానించెను. పిల్లవానికి దినమునకు ఒక అణాకు మించరాదని కట్టడి. అది కొన్ని బడులకు ప్రాకి, కొన్ని యేండ్లకు ఖర్చు విషయమై ఆగి, మఱల లేచెను. 1956 తరువాత కామరాజు నాడారుగారి ప్రభుత్వము దానిని రాష్ట్రమంతట విస్తరింపజేసెను. 1982లో ఎం. జి. రామచంద్రన్‌గారి కాలమున అది మహావృక్షమయ్యెను. 2022లో తమిళనాడు ప్రభుత్వము ప్రాథమిక పాఠశాలలలో ఉదయపు ఫలాహారమును కూడ మొదలిడెను.

దీనిని అన్నదానముగ పొగడినవారు చాలమంది కలరు. మాకు ఇది దండనచరిత్రలో ఒక మలుపుగ తోచును. ఆ బడుల పిల్లలు రారు, వచ్చినను ఆలస్యముగ వత్తురు, వచ్చి కునుకుదురు. బళ్ళారి లెక్క చొప్పున వీరికి ఎన్ని దెబ్బలు? కార్పొరేషను సభలో ఎవరో ఆ లెక్క వేయక, వీరు తినుచున్నారా యని అడిగిరి. ముప్పదవవానికి ఇరువదియెనిమిది దెబ్బలకు బదులు ఒక అణా. ఈ ప్రశ్న వేసిన సభకు అధ్యక్షులు తెలుగువారగుట మనకు గర్వకారణమే. వారి పేరుగల పేటలో ఆ ప్రశ్నను మనము ఎంతవఱకు నిలుపుకొంటిమన్నది వేఱు మాట.

ఇచ్చట మా స్వంత సంగతి యొకటి చెప్పక తప్పదు. చరిత్రవ్యాసమున ఇది తగదని సంపాదకులు తలచినచో కొట్టివేయవచ్చును.

1962లో మేము ఈ పేటలోనే ఒక తెలుగు బడిలో ఎనిమిదవ తరగతి చదువుచుంటిమి. ఆ బడి పేరుతో పనిలేదు. గోడకు బట్టమీద అంటించిన ఆంధ్రప్రదేశ్ పటమొకటి వ్రేలాడుచుండెడిది. ఆంధ్రదేశము వేఱై చెన్నపట్టణము మనది కాకపోయిన దుఃఖము పెద్దలకింకను ఆఱని దినములు. ఆ పటము మా అయ్యవారికి దేవుని పటమువంటిది. ఒకనాడు ఆయన లేని సమయమున, పటముపైకి ప్రాకిన బల్లిని క్రిందికి తోలుటకై కిటికీ మూయు కొక్కెపు కఱ్ఱతో మేము పొడిచితిమి. బల్లి పోయినది. కర్నూలునుండి నెల్లూరుదాక పటము చినిగినది. కఱ్ఱ జారి, పటము క్రింది బల్లపై కూర్చున్న బాలుని కాళ్ళయొద్ద పడినది. మేము మా చోట కూర్చుంటిమి.

ఆ బాలుడు రంగనాథన్ వీథిలో ఒక దుకాణపు పంచలో కుట్టుమిషను పెట్టుకొన్న దర్జీ కొడుకు. ఆ వారమున రెండు దినములు ఆలస్యముగ వచ్చియుండెను. అయ్యవారు వచ్చి పటమును చూచిరి, కఱ్ఱను చూచిరి, ఎవరని ఒక్కసారి అడిగిరి. ఎవరును పలుకలేదు. నలుబది మందిలో పది మందికైనను నిజము తెలియును. ఆ బాలుడు నేను కాదనెను గాని, ఎవరో చెప్పుమన్న చెప్పలేదు. అరచేతులపై ఆఱు దెబ్బలు. మూడు రూపాయలు తెమ్మనిరి, లేనిచో తండ్రిని పిలుచుకొని రమ్మనిరి. మఱునాడు వాడు రాలేదు. ఆ మఱునాడును రాలేదు. మఱి రానేలేదు. వారము గడచిన పిదప అయ్యవారే పలుచని గుడ్డయు జిగురును తెచ్చి, మధ్యాహ్నము భోజనము మాని, పటమును ఎంతో నేర్పుగ అతికిరి. అతుకు కనబడకుండెను.

అయ్యవారిని మేము నిందింపము. మమ్ము చదివించి ఇంతవారిని చేసినవారు ఆయనయే. ఎవరని అడుగు పద్ధతిలో నోరు విప్పినవానికి దెబ్బ, విప్పనివానికి రక్షణ. మావంటి పిఱికివానికి ఆ పద్ధతి చక్కగ సరిపోయినది. ఏమి జరిగినది, ఎవరికేమి నష్టము, దీనిని ఎట్లు సరిచేయుదమని అడిగియున్నచో మేము చెప్పియుందుమా? చెప్పియుందుమని ప్రమాణము చేయజాలము. కాని ఆ పది మందిలో ఎవడో ఒకడు చెప్పియుండును.

దండన లేని చదువును వెదకినవారు మనలోనే కలరు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు 1909లో తండ్రితో అడయారు చేరి మైలాపూరున చదువుచున్నపుడు అయ్యవారి దెబ్బలు తినిరి. వారిని ఆదరించిన దివ్యజ్ఞానసమాజమువారు ఆ సంగతి తెలిసి బడి మాన్పించిరి. తరువాతి కాలమున వారి ప్రేరణమున మదనపల్లె సమీపమున వెలసిన ఋషివేలీ విద్యాలయము, భయము లేని చోటనే చదువు కలదను సూత్రముపై నిలిచినది. రవీంద్రుని శాంతినికేతనమున విద్యార్థులే న్యాయసభను నడపుకొనెడివారు. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయి క్షేత్రమున ఒక అల్లరి బాలుని రూళ్ళకఱ్ఱతో కొట్టి, వడవడ వణకి, తాను చేసినది తప్పని ఆత్మకథలో ఒప్పుకొనెను. 1946లో ఆయన మన త్యాగరాయనగరమున హిందీ ప్రచార సభలో విడిసినపుడు దర్శించిన పెద్దలు మా బాల్యమున చాలమంది యుండిరి. ఆయన ప్రార్థనసభలను గూర్చి చెప్పెడివారు గాని, రూళ్ళకఱ్ఱను గూర్చి ఎవరును చెప్పలేదు.

చట్టము ఆలస్యముగ వచ్చినది. 2000 సంవత్సరమున ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము ఆ రాష్ట్రపు బడులలో బెత్తమునకు చోటిచ్చిన నిబంధనలను కొట్టివేసెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2002 ఫిబ్రవరిలో విద్యానిబంధనలను సవరించి శారీరక దండనను నిషేధించెను. తమిళనాడు 2003లో ఆ పని చేసెను. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ విభాగము, పిల్లవానిని కొట్టుటయే గాక మనస్సును హింసించుటను కూడ నిషేధించినది. 2010 ఏప్రిల్ 1 నుండి ఇది అమలులోనికి వచ్చినది.

బెత్తము పోయినది, పూర్తిగ పోలేదని పత్రికలు చదువువారెఱుగుదురు. పోయినచోట కూడ లాంకాస్టరు బుట్ట మిగిలినది. తరగతి వెలుపల నిలుచుండబెట్టుట, జుల్మానా, తల్లిని పిలిపించి పిల్లవాని యెదుట అవమానించుట, టి. సి. చేతిలో పెట్టి పంపివేయుట. చివరిది అన్నిటికంటె చులకన. సమస్య బడి గేటు దాటిపోవును. మా తరగతిలోని దర్జీ కొడుకు సమస్య అట్లే పోయినది.

సంధాన పద్ధతి ఇటీవలి రూపమున న్యూజిలాండునుండి వచ్చినది. ఆ దేశపు మావోరీ జాతివారు తప్పుచేసిన పిల్లవానిని బంధువులందఱి నడుమ కూర్చుండబెట్టి మాటలాడు ఆచారము కలవారు. 1989లో అచ్చటి ప్రభుత్వము బాలనేరస్థుల విచారణకు దానిని చట్టమున చేర్చెను. 1994లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండునందు ఒక హైస్కూలులో దానిని బడితగాదాలకు వినియోగించిరి. అటనుండి అది పలుదేశములకు ప్రాకినది. అందలి కీలకము అడుగు ప్రశ్నలలో నున్నది. ఏమి జరిగినది, అప్పుడు నీవేమనుకొంటివి, దీనివలన ఎవరికి బాధ కలిగినది, దానిని సరిచేయుటకు ఏమి చేయుదువు? తప్పు చేసినవాడు వట్టి క్షమాపణ చెప్పినచో చాలదు. చించినదానిని అతుకవలెను, పోగొట్టినదానిని తేవలెను, ఏడిపించినవాని యెదుట కూర్చుండి వాడు చెప్పునది కడవఱకు వినవలెను. నష్టపడినవానికి వచ్చుటకిష్టము లేనిచో బలవంతము చేయరాదు. బలవంతపు క్షమ మఱియొక దెబ్బయే.

ఇది మన రచ్చబండయే కదా యను వారికి మా మనవి యొకటి కలదు. రచ్చబండపై కూర్చుండువారెవరు, క్రింద చేతులు కట్టుకొని నిలుచుండువారెవరు? ఊరి పెద్ద కొడుకు తప్పునకు ఎన్ని పంచాయతులు జరిగినవి? రాజీ యను పేర బలహీనుని నోరు మూయించుట మన పల్లెలలో కొత్త కాదు. ఎగ్మూరు బాలురందఱును దిక్కులేనివారు, ఒక్క కప్పుక్రింద ఒక్క కూడు తినువారు. వారి జ్యూరీలో హెచ్చుతగ్గులు తక్కువగ నుండియుండును. మన తరగతులందు కారులో వచ్చువాడును, ఇరుకు బస్సులో నిలుచుండి వచ్చువాడును ఒక్క బల్లపై కూర్చుందురు. తోడిపిల్లల తీర్పునకే విడిచినచో కారులో వచ్చువాడు గెలుచుట సులువు. కావున పెద్దవాడొకడు పక్కన కూర్చుండవలెను. వాడు తీర్పు చెప్పుటకు కాదు, ఎవరి నోరును నొక్కకుండ చూచుటకు. అందులకు తీరిక కావలెను. అఱువదిమందికి ఒక్క అయ్యవారు ఉన్నంతకాలము తీరిక ఎట్లు వచ్చునో మాకు తెలియదు. ఒక అణా ఖర్చుపెట్టినవారు ఆ ఖర్చును కూడ పెట్టవలసియుండును.

మా సంఘమువారు జరుపు ఆదివారపు తెలుగు తరగతిలో ఇరువదిమంది లోపే పిల్లలు. అచ్చట మేము ఈ ప్రశ్నలనే అడుగ యత్నించుచున్నాము. ఒకసారి ఫలించును, ఒకసారి ఫలింపదు. పోయిన యేడు ఒక బాలిక కథల పుస్తకమున పుటలు చింపినది. విచారింపగా, చెల్లెలికి బొమ్మలు చూపుటకై చింపినదని తెలిసినది. ఆ పుటలు తెచ్చి, అతికి, చెల్లెలిని కూడ తరగతికి తీసికొనివచ్చినది. ఇద్దఱు బాలుర తగాదా మాత్రము మూడు వారములు కూర్చున్నను తెగలేదు.

దర్జీ కొడుకును మేము మఱల చూచితిమి. కొన్ని యేండ్ల క్రిందట ఉగాది సభలో, పచ్చడి పుచ్చుకొను వరుసలో మా ముందు నిలుచుండిన పెద్దమనిషి వెనుదిరిగి మా పేరు పెట్టి పిలిచెను. సైదాపేటలో తండ్రి మిషనుతోనే దుకాణము పెట్టి, ఇద్దఱు కొడుకులను చదివించినాడట. సభ ముగిసిన పిమ్మట పానగల్ పార్కు దాపున కాఫీ త్రాగుచు, ఏబది యేండ్లకు పైబడిన ఆ సంగతి మేము చెప్పితిమి. బల్లిని గూర్చియు, కఱ్ఱను గూర్చియు. ఆయన పటమును మఱచియుండెను. కొంతసేపటికి జ్ఞప్తికి తెచ్చుకొని, "మా నాయనకు చెప్పి ఉంటే బాగుండేది. నేనే చించినానని పొయ్యేదాకా అనుకున్నాడు" అనెను. తరువాత కాఫీ డబ్బులు మమ్ము ఇయ్యనీయక తానే యిచ్చెను.